రెండు రూపాయల నలభై నాలుగు పైసల వెనక

(అనంతపురంలో జరిగిన ఒక సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి ఎత్తి రాశాం.)

అందరికీ నమస్కారం. పిలిచినవారు నాకు రెండు అంశాలు ఇచ్చారు: జాతీయ రాజకీయాలు ఒకటి, హరిత విద్యుత్తు ఒకటి. ఏది కావాలంటే అది మాట్లాడమన్నారు. నా లెక్కలో అవి రెండూ ఒకటే అంశం. ఎలాగో చెబుతాను.

నా రాజకీయాలేమిటో ముందే చెప్పేస్తే మీకూ హాయి, నాకూ హాయి. నేను మితవాదిని, అంటే కుడివైపు రాజకీయాలవాణ్ణి. 1959లో నాగపూర్ కాంగ్రెస్‌లో సహకార వ్యవసాయం మీద తీర్మానం చేస్తే, రైతు భూమి రైతు చేతిలోనే ఉండాలని ఎదురు తిరిగిన నిడుబ్రోలు ఎన్.జి. రంగా గారి దారి నాది. ఆయన, రాజాజీ కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. 1967లో ఆ పార్టీకి లోక్‌సభలో 44 స్థానాలు వచ్చాయి. కుర్రవాళ్లకు ఈ సంగతి తెలియకపోవచ్చు. ఆ పార్టీ ఇప్పుడు లేదు కానీ, ఆ బడిలో చదివినవాళ్లకు ఒక అలవాటు మిగిలింది. ప్రభుత్వం ఏదైనా మంచి పని ప్రకటించగానే మేము చప్పట్లు కొట్టం. డబ్బు ఎవరిది అని అడుగుతాం. దీనివల్ల మాకు స్నేహితులు తక్కువ.

ఇంకో మాట. ఎండలు ముదరడం లేదనీ, వాతావరణం మారడం లేదనీ చెప్పడానికి నేను రాలేదు. అనంతపురంలో నిలబడి ఆ మాట అనే ధైర్యం ఎవరికుంది? సోలార్ పలకలు వద్దనీ అనను. నా పేచీ లెక్కతోనే. ఉద్యోగమంతా పద్దులు చూడటంతోనే గడిచినవాణ్ణి, నాకు వేరే పేచీ చేతకాదు.

2.44. ఈ అంకె గుర్తుపెట్టుకోండి. ఈ సాయంత్రం మూడు సార్లు వస్తుంది.

మొదటిసారి 2017 మేలో వచ్చింది. రాజస్థాన్‌లో భడ్లా అనే చోట సోలార్ పార్కుకు వేలం జరిగితే యూనిట్ ధర 2 రూపాయల 44 పైసలు పలికింది. దేశమంతా పండగ చేసుకుంది. బొగ్గు కంటే ఎండే చౌక అని పత్రికలు రాశాయి. అంతకు ఏడాదిన్నర ముందు, 2015 నవంబరులో, మన కర్నూలు సోలార్ పార్కు వేలంలో యూనిట్ 4 రూపాయల 63 పైసలు పలికితే దానికీ పండగే చేశారు. గాలి కరెంటుకైతే మన డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, 4 రూపాయల 84 పైసల చొప్పున పాతికేళ్లకు రాసిచ్చాయి. పాతికేళ్లు! సంతకం పెట్టిన ప్రభుత్వం ఆయుష్షు ఎంత? అయిదేళ్లు. ధర ఏడాదికేడాది పడిపోతున్న సరుకును, పడుతోందని కళ్లారా చూస్తూ, పాతికేళ్లకు ఒకే ధరకు కొనే వ్యాపారి ఎవరైనా ఉంటారా? సొంత డబ్బుతో అయితే ఉండడు.

తర్వాత ఏం జరిగింది? 2019లో ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం ఈ ధరలు మేము కట్టం, తగ్గించుకోండి అని జూలైలో ఒక కమిటీ వేసింది. కంపెనీలు హైకోర్టుకు వెళ్లాయి. ఢిల్లీ నుంచి కేంద్ర విద్యుత్ మంత్రి ఉత్తరం రాశారు. జపాన్ రాయబారి కూడా రాశారు. ఆ సెప్టెంబరులో సింగిల్ జడ్జి ఆ కమిటీ ఉత్తర్వును కొట్టేస్తూనే, తేలేదాకా తాత్కాలికంగా గాలికి 2.43, సోలార్‌కు 2.44 కట్టమన్నారు. ఇది రెండోసారి. చివరికి 2022 మార్చిలో డివిజన్ బెంచ్ ఏమంది? ఒప్పందంలో రాసిన ధరే కట్టాలి, బకాయిలతో సహా కట్టాలి అంది.

నేను ఇక్కడ ఎవరి పక్షం అని మీరు అడగవచ్చు. తొందరపడి సంతకం పెట్టినవారిదీ కాదు, పెట్టిన సంతకాన్ని చించబోయినవారిదీ కాదు. మొదటివారు రాబోయే ప్రభుత్వాల చేతులు కట్టేశారు. రెండోవారు రాష్ట్రం పరువు తీశారు. రాష్ట్రం మాట నిలబడదని తెలిశాక, రేపు ఇక్కడ అప్పు ఇచ్చే బ్యాంకు అర శాతం వడ్డీ ఎక్కువ వేసుకుంటుంది. ఆ అర శాతం ఏ పద్దులో కనిపిస్తుంది? ఎక్కడా కనిపించదు. రానున్న ప్రతి ప్రాజెక్టు ధరలోనూ మాత్రం కలిసే ఉంటుంది.

సరే, ధర సంగతికి వద్దాం. 2.44 నిజంగా చౌకేనా?

మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఎండ మండిపోతోంది. పలకలన్నీ నిండుగా పనిచేస్తున్నాయి. నిబంధన ప్రకారం సోలార్‌ను ముందు తీసుకోవాలి. వచ్చిన కరెంటును కాదనకూడదు. అప్పుడు ఏ కేంద్రం ఎంత కరెంటు ఇవ్వాలో చూసే లోడ్ డిస్పాచ్ సెంటర్‌లో కూర్చున్న ఇంజనీరు ఏం చేస్తాడు? ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం ఆర్టీపీపీకో, ఇంకో థర్మల్ కేంద్రానికో ఫోను చేసి ఉత్పత్తి తగ్గించుకోమంటాడు. పూర్తిగా ఆపమనలేడు. ఎందుకంటే సాయంత్రం ఏడుకు అదే కేంద్రం మళ్లీ కావాలి. బాయిలర్ చల్లారితే వేడెక్కించడానికి గంటలు పడుతుంది, పైగా ఆయిల్ పోయాలి. అందుకే నిప్పు ఆరకుండా, అడుగున మిణుకుమిణుకుమంటూ నడపాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో నిబంధన పెట్టింది: థర్మల్ యూనిట్లు ముందు 55 శాతానికి, ఆ తర్వాత దశలవారీగా 40 శాతానికి దిగగలగాలని. స్థిరంగా నడవడానికి కట్టిన యంత్రాన్ని రోజూ అలా దించి ఎక్కిస్తే అరుగుతుందా, అరగదా? యూనిట్‌కు పట్టే బొగ్గు పెరుగుతుందా, పెరగదా? ఇంజనీర్లు ఉన్నారు కదా సభలో, తల ఊపుతున్నారు.

ఇప్పుడు చిన్న లెక్క. అంకెలు ఉదాహరణకే అనుకోండి. ఒక థర్మల్ కేంద్రంలో స్థిర ఖర్చు యూనిట్‌కు 2 రూపాయలు, బొగ్గు ఖర్చు 3 రూపాయలు. మొత్తం 5. సోలార్ 2.44. పత్రికలో ఏం రాస్తారు? యూనిట్‌కు 2 రూపాయల 56 పైసలు మిగిలిందని రాస్తారు. కానీ స్థిర ఖర్చు ఆగలేదు కదా. నెల జీతానికి పెట్టుకున్న డ్రైవరు లాంటిది అది. మీరు ఆటోలో వెళ్లినా అతని జీతం అతనికి ఇవ్వాల్సిందే. మిగిలింది పెట్రోలు ఒక్కటే. అంటే ఇక్కడ మనం కట్టింది 2.44తో పాటు ఆ 2 రూపాయలు కూడా. మిగిలింది 56 పైసలు. అదే గాలి కరెంటు 4.84 అయితే? యూనిట్‌కు 1 రూపాయి 84 పైసలు ఎదురు పెట్టాం. ఇక గని పక్కనే ఉండి, బొగ్గు ఖర్చు 2 రూపాయలే పడే కేంద్రాన్ని తగ్గిస్తే, అంత చౌక సోలార్ మీద కూడా 44 పైసలు నష్టం. కాగితం తీసి లెక్క వేసుకుంటున్నారు కొందరు, మంచిది. వేసుకోండి.

సోలార్‌కు అసలు లాభమే లేదా? ఉంది. మన దగ్గర వ్యవసాయానికి పగలు తొమ్మిది గంటలు ఇస్తున్నాం. బోరు మోటార్లు పగలే నడుస్తాయి, సోలారూ పగలే వస్తుంది. ఈ జోడీ కుదిరింది. రాత్రి పొలానికి వెళ్లి మోటారు వేసి పాము కాటుకు పోయిన రైతుల కుటుంబాలను అడగండి, పగటి కరెంటు విలువ వాళ్లు చెబుతారు. నేను కాదనను. నా మాట సాయంత్రం గురించి. పొద్దు వాలాక ఇళ్లలో దీపాలు, ఫ్యాన్లు, ఏసీలు వేస్తారు. సోలార్ సున్నా. ఆ గంటకు బొగ్గు కావాలి, లేదా నిల్వ కావాలి. నిల్వ అంటే బ్యాటరీ, లేదా నంద్యాల జిల్లా పిన్నాపురం లాంటి చోట నీటిని పగలు పైకి తోడి సాయంత్రం కిందికి వదలడం. మంచి ఇంజనీరింగే. అయితే తోడటానికి వాడిన ప్రతి నాలుగు యూనిట్లలో దాదాపు ఒకటి తిరిగి రాదు. ఆ పోయిన యూనిట్‌కు, ఆ జలాశయానికి, ఆ యంత్రాలకు ఎవరు కడతారు? 2.44లో అవేవీ లేవు.

ఇక మూడోసారి. భడ్లాలో పుట్టిన కరెంటు ఇక్కడికి ఎలా వస్తుంది? లైన్లు కావాలి. 2030కల్లా 500 గిగావాట్ల శిలాజేతర, అంటే బొగ్గు, గ్యాసు, చమురు కాని, విద్యుత్తు లక్ష్యానికి ఎన్ని లైన్లు కావాలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2022 డిసెంబరులో ఒక నివేదిక ఇచ్చింది. ఖర్చెంత? 2.44 లక్షల కోట్ల రూపాయలు. అవును, మళ్లీ అదే అంకె. ఇది యాదృచ్ఛికమే, నేను కల్పించింది కాదు. కాకపోతే యూనిట్ 2.44 అన్నది దేశంలో అందరికీ తెలుసు. లైన్ల 2.44 లక్షల కోట్లు ఎంతమందికి తెలుసు? ఈ హాల్లో చేతులెత్తండి. ఇద్దరు. ఇద్దరూ లైన్లు చూసే ట్రాన్స్‌కోవాళ్లే అనుకుంటాను.

అంతటితో అయిపోలేదు. 2025 జూన్ 30లోగా పూర్తయిన సోలార్, పవన ప్రాజెక్టులకు అంతర్రాష్ట్ర లైన్ల ఛార్జీ మాఫీ చేశారు. ఏడాదో రెండేళ్లో కాదు, పాతికేళ్లు. ఆ తర్వాత వచ్చేవాటికి కొంచెం కొంచెంగా వేస్తున్నారు. మాఫీ అంటే ఏమిటి? లైను వేయడానికి ఖర్చు కాలేదని కాదు. వాళ్లు కట్టనిది మిగతా వాడకందారుల వాటాలో కలుస్తుందని. మన రాష్ట్రం 2021లో కేంద్ర ప్రభుత్వ సోలార్ సంస్థ సెకీతో 2.49 రూపాయలకు 7,000 మెగావాట్ల ఒప్పందం చేసుకుంది. రాజస్థాన్ కరెంటు. ఆ ధర చౌకగా కనిపించడంలో ఈ మాఫీ పాత్ర ఎంతో మీరే ఊహించుకోండి. దాని మీద నడుస్తున్న వివాదాల జోలికి నేను పోను, అది కోర్టుల పని. నేను లైను ఛార్జీ దగ్గరే ఆగుతాను.

పాడు సంగతి ఏమిటంటే, బొగ్గు మీద వేసిన పన్ను కథ కూడా ఇలాగే ఉంది. 2010లో యూపీఏ ప్రభుత్వం టన్ను బొగ్గుకు 50 రూపాయలు స్వచ్ఛ ఇంధన సెస్సు వేసింది. తర్వాతి ఎన్డీయే ప్రభుత్వం దాన్ని 100 చేసింది, 200 చేసింది, 2016కల్లా 400 చేసింది. ఎనిమిదింతలు. బొగ్గు వాడేవాడి దగ్గర తీసుకుని స్వచ్ఛ ఇంధనానికి పెడతామన్నారు. న్యాయమే కదా? బొగ్గుకూ దాచిన ఖర్చులున్నాయి. బూడిద చెరువులున్నాయి, ఊపిరితిత్తుల జబ్బులున్నాయి. కొత్తగూడెంలోనో పాల్వంచలోనో ఉన్నవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. మరి ఆ డబ్బు ఏమైంది? 2010-11 నుంచి 2017-18 దాకా వసూలైంది 86 వేల కోట్ల పైచిలుకు. ఆ నిధికి చేరింది 29 వేల 600 కోట్లు. అందులోంచి ప్రాజెక్టులకు వెళ్లింది 16 వేల కోట్ల లోపే. జీఎస్టీ వచ్చాక ఆ సెస్సు కాస్తా రాష్ట్రాల నష్టపరిహారం సెస్సుగా మారిపోయింది. 2025 సెప్టెంబరులో సెస్సు ఎత్తేసి బొగ్గు మీద జీఎస్టీ 5 నుంచి 18 శాతం చేశారు.

వేసింది కాంగ్రెస్, పెంచింది బీజేపీ, మళ్లించింది ఇద్దరూ. నేను ఓటు వేసేది ఏ వైపో మీకు తెలుసు, అయినా చెబుతున్నాను. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే ఇదే. 2021 నవంబరులో గ్లాస్గోలో ప్రధాని 500 గిగావాట్లు, 2070 నాటికి నికర శూన్యం, అంటే వదిలిన కర్బనమూ తీసేసిన కర్బనమూ సమానం, అని మాటిచ్చారు. పార్లమెంటులో ఓటింగు జరిగి వెళ్లిన మాట కాదు అది. అరవై డెబ్బై ఏళ్ల కిందట ఒక ప్రధాని ఇలా లక్ష్యం ప్రకటించి ఊరుకుంటే, ప్రణాళికా సంఘం పాలన అని మా వాళ్లు విమర్శించేవాళ్లు. ఇప్పుడు మన ప్రధాని ప్రకటిస్తే ఎందుకు నోరు మెదపరు? ప్రతిపక్షం ఏమైనా అడిగిందా అంటే, అదీ లేదు. లక్ష్యం ఇంకా పెద్దదిగా ఉండాలని అడిగింది! మన రాష్ట్రంలోనూ అంతే. 2024 స్వచ్ఛ ఇంధన విధానంలో 10 లక్షల కోట్ల పెట్టుబడి, ఏడున్నర లక్షల ఉద్యోగాలు అన్నారు. పెట్టుబడి అంకె ఉంది, ఉద్యోగాల అంకె ఉంది. డిస్కం మీద పడే భారం అంకె ఏ పేజీలో ఉంది?

2025 జూన్ నాటికి దేశ స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతరం అయిందని ప్రకటించారు. నిజమే. కాగితం మీది సామర్థ్యం సగం అయింది. పుట్టిన కరెంటులో మాత్రం 2024-25లోనూ 70 శాతానికి పైగా బొగ్గుదే. అదే ఏడాది దేశంలో బొగ్గు ఉత్పత్తి మొదటిసారి 100 కోట్ల టన్నులు దాటింది. రెండు పండగలూ ఒకే ప్రభుత్వం చేసింది.

అమ్మా, మీ చేతిలో కరెంటు బిల్లే కదా? ఒకసారి ఇస్తారా? చూడండి. పేరు చదవను, భయపడకండి. ఎనర్జీ ఛార్జీ, స్థిర ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, విద్యుత్ సుంకం. కింద ఇక్కడ ఇంగ్లీషు అక్షరాలు, ఎఫ్‌పీపీసీఏ. అంటే ఇంధనం, విద్యుత్ కొనుగోలు ఖర్చుల సర్దుబాటు. ఇది నెలనెలా యూనిట్‌కు 40 పైసల దాకా వేశారు. అది చాలక, 2022-23కు, 2023-24కు కలిపి 15 వేల కోట్ల పైచిలుకు సర్దుబాటు 2024 చివరి నుంచి మన మీద పడింది. ఇది మీ పాపం అంటే మీ పాపం అని రెండు పార్టీలూ వీధికెక్కాయి. అదంతా సోలార్ వల్ల అని నేను అనను, అంటే అబద్ధం. కొరత వచ్చినప్పుడు మార్కెట్లో ఎక్కువ ధరకు కొన్నదే అందులో పెద్ద వాటా. కానీ ఈ వరుసలో గాలి వాటా ఎంత, ఆపి ఉంచిన థర్మల్‌కు కట్టిన స్థిర ఖర్చు ఎంత, లైన్ల వాటా ఎంత? మీరు చెప్పగలరా అమ్మా? ముప్పై ఏళ్ల కిందటైతే నేనూ బిల్లు చూసి చెప్పేవాణ్ణి, ఇప్పుడు నేనూ చెప్పలేను. ఇదిగోండి, తీసుకోండి.

జర్మనీవాళ్లు ఒక పని మాత్రం నిజాయితీగా చేశారు. హరిత విద్యుత్తు సర్‌ఛార్జీ అని ప్రతి ఇంటి బిల్లు మీదా విడిగా ముద్రించారు. 2017లో అది యూనిట్‌కు 6.88 సెంట్లకు చేరింది. జనం చూశారు, గొడవ చేశారు. 2022 జూలైలో బిల్లు మీద నుంచి తీసేశారు. ఖర్చు పోయిందా? పోలేదు, ప్రభుత్వ బడ్జెట్‌లోకి వెళ్లింది. కనబడుతున్నంత కాలమే జనం ప్రశ్నించారు. మన నాయకులు తెలివైనవాళ్లు, మొదటి నుంచీ కనబడనివ్వలేదు. వాళ్లనీ పూర్తిగా తప్పుపట్టలేను. 2000 ఆగస్టులో హైదరాబాదు బషీర్‌బాగ్‌లో కరెంటు ఛార్జీల పెంపు మీద ఆందోళన చేస్తున్నవారిపై కాల్పులు జరిగాక, ఛార్జీలు పెంచుతున్నాం అని నోరు తెరిచి చెప్పే ముఖ్యమంత్రి ఈ నేల మీద లేడు. అందుకే ఎన్నికలైపోయాక సర్దుబాటు అంటారు, ట్రూ అప్ అంటారు.

ఇంటి పైకప్పు పలకల సంగతి. పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ. పెట్టుకున్నవాళ్లు మంచి పని చేశారు, నా మేనల్లుడూ పెట్టుకున్నాడు. మన టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లు రూపాయి 90 పైసలు, 400 యూనిట్లు దాటితే 9 రూపాయల 75 పైసలు. పైవాడు ఎక్కువ కట్టడం వల్లే కిందివాడికి తక్కువ పడుతోంది. ఇప్పుడు సొంత ఇల్లు, సొంత డాబా ఉన్న ఆ పైవాడు సబ్సిడీతో పలకలు పెట్టి బిల్లు సున్నా చేసుకున్నాడు. రాత్రి మాత్రం అదే స్తంభం, అదే తీగ, అదే ట్రాన్స్‌ఫార్మర్ వాడుతున్నాడు. ఆ తీగ ఖర్చు ఇక ఎవరి మీద? అద్దె ఇంట్లో ఉన్నవాడి మీద. పేదవాడు పన్ను కట్టి ఉన్నవాడి డాబా మీద పలకలు పెట్టిస్తున్నాడు. ఇది ఏ సామ్యవాదం? ఏ మితవాదమైనా దీన్ని ఒప్పుకుంటుందా?

భూమి సంగతి మీకు నేను చెప్పేదేముంది. మన సరిహద్దు దాటగానే పావగడ. తిరుమణి, రాయచెర్లు, వల్లూరు, అంతా మన తెలుగు మాట వినిపించే పల్లెలే. 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్లు. అక్కడ ఒక మంచి పని చేశారు. భూమి లాక్కోలేదు. ఎకరాకు ఏటా 21 వేల రూపాయల కౌలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. భూమి రైతు పేరు మీదే ఉంది. రంగా గారుంటే సంతోషించేవారు. వానలే పడని ఆ నేలలో వేరుశనగ వేసి అప్పులపాలయ్యే కంటే కౌలు మేలు. అయితే ఆ పొలాల్లో కలుపు తీసి, కాయ ఒలిచి బతికిన కూలీకి ఏ కాగితం ఉంది? గొర్రెలు మేపుకునేవాడికి ఏ కౌలు వచ్చింది? కంచె వేశాక మంద ఎటు వెళ్లాలి? పెద్ద రైతుకు పెద్ద కౌలు, కూలీకి పలకలు తుడిచే పని, అదీ కొద్దిమందికే. మన ఎన్.పి.కుంట వైపు చూస్తే డి.పట్టా భూముల గొడవ. పట్టా ఇచ్చింది ప్రభుత్వమే, అవసరం వస్తే వెనక్కి తీసుకునేదీ ప్రభుత్వమే. దున్నుకున్నవాడికి హక్కు ఉన్నట్టా, లేనట్టా? ఆస్తి హక్కు 1978లో ప్రాథమిక హక్కుల్లోంచి పోయింది. దాని ఫలితం మొదట అనుభవించేది జమీందారు కాదు, రెండెకరాల డి.పట్టాదారు.

పలకలు పాతబడ్డాక ఏమవుతాయి? 2022 ఈ-వ్యర్థాల నిబంధనల్లో వాటిని చేర్చారు. 2034-35 దాకా నిల్వ చేసి పెట్టమన్నారు. అంతే. ఆ తర్వాత సంగతి అప్పటివారు చూసుకుంటారు. ఇక పలకల తయారీలో ప్రపంచంలో 80 శాతానికి పైగా చైనా చేతిలో ఉంది. 2022 ఏప్రిల్ నుంచి దిగుమతి మాడ్యూళ్ల మీద 40 శాతం సుంకం వేశారు. నేను దాన్ని సమర్థిస్తాను, దేశం ఇంకొకరి గుప్పిట్లో ఉండకూడదు. ఆ రక్షణకూ ధర ఉంది, అదీ మనమే కడుతున్నాం.

మరి ఏం చేయమంటావయ్యా అంటారు. నాకు పెద్ద పథకాలు లేవు. మూడు అడుగుతాను. వేలంలో ధర ప్రకటించేటప్పుడు సాయంత్రం ఏడుకు ఇంటికి చేరే ధర ప్రకటించండి, భడ్లా గేటు దగ్గర ధర కాదు. మాఫీలు ఇస్తే బడ్జెట్‌లో చూపించి ఇవ్వండి, పక్కవాడి బిల్లులో దాచి కాదు. ఒక ప్రభుత్వం పాతికేళ్లకు సంతకం పెట్టాలంటే ముందు శాసనసభలో పెట్టండి.

ఇవి అడగడానికి ఎమ్మెల్యే కానక్కర్లేదు. ఏటా నవంబరు నెలాఖరుకు డిస్కంలు వచ్చే ఏడాది ఆదాయ అవసరాల నివేదికను విద్యుత్ నియంత్రణ మండలికి ఇస్తాయి. ఏ కేంద్రం నుంచి ఎంత కొంటారు, స్థిర ఖర్చు ఎంత, యూనిట్ ఎంత, అన్నీ పట్టికల్లో ఉంటాయి. ఎవరైనా అభ్యంతరం రాసి పంపవచ్చు. బహిరంగ విచారణలో నిలబడి చదవవచ్చు, తెలుగులోనే. ప్రతి ఏడూ అక్కడికి వచ్చేది కమ్యూనిస్టు మిత్రులు, రైతు సంఘాలవాళ్లు, పరిశ్రమలవాళ్లు. మా వైపు నుంచి ఒక్కరూ రారు. టీవీల్లో మాత్రం బాగా మాట్లాడతారు. ఈసారి కనీసం పదిమందిమి వెళ్దాం. రాసే పని నేను చూస్తాను, పట్టికలు ఎలా చదవాలో కూర్చుని చెబుతాను.

ప్రశ్నలకు అరగంట ఇచ్చారు. అదిగో, వెనక వరుసలో ఆయన థర్మల్ లెక్క చెప్పినప్పటి నుంచీ చెయ్యెత్తి ఉన్నారు. నా లెక్క తప్పంటారేమో. ముందు ఆయనకు మైకు ఇవ్వండి.